గుంట: ఒక్క మాటలో ఎన్ని మాటలు

గుంట అంటే చుట్టుపక్కల నేల కంటే లోతుగా ఉన్న చిన్న చోటు అని ఎవరిని అడిగినా చెబుతారు. ఈ ఒక్క అర్థాన్ని పట్టుకుని వాడుకలోకి దిగితే మాత్రం నాలుగడుగులు వేయకముందే చిక్కు మొదలవుతుంది. మెదక్ రైతు తనకు పది గుంటలున్నాయని చెప్పినప్పుడు నేలలోని గోతులను లెక్కపెట్టడం లేదు, తన ఆస్తి చెబుతున్నాడు. శ్రీకాకుళం అవ్వ గుంట బడికెళ్ళిందంటే అది మనవరాలి కబురు. కర్నూలు హోటల్లో పొద్దున్నే ప్లేటులోకి వచ్చే గుంత పొంగణం గుంటలా ఉండదు సరికదా, ఉబ్బెత్తుగా ఉంటుంది. అనంతపురం మెట్ట చేలో ఎడ్లు లాగే గుంటక నేలను చదును చేస్తుంది తప్ప గుంటలు తవ్వదు. వీటన్నిటినీ ఒక మాటకు పుట్టిన అర్థాలుగా చూస్తే అయోమయమే మిగులుతుంది. కొన్ని నిజంగా ఒకే కుదురువి, కొన్ని కేవలం ఒకేలా వినిపించే వేరు మాటలు. ఈ రెంటినీ విడదీసి చూడటం అవసరం. ఎందుకంటే వీటిలో కనీసం ఒక అయోమయం మన భూమి కాగితాల దాకా వెళుతుంది.

ముందుగా అసలు గుంట సంగతి చూద్దాం. తెలుగులో లోతుకూ ఖాళీకీ సంబంధించిన మాటలు చాలా ఉన్నాయి: గుంట, గొయ్యి, పల్లం, సొట్ట, తొర్ర, బొరియ, కలుగు, కన్నం, కంత, చిల్లు, బెజ్జం. వీటిని వేరు చేసే మొదటి ప్రశ్న అడుగు ఉందా లేదా అన్నది. గుంటకు అడుగు ఉంటుంది, కాబట్టి అందులో ఏదైనా నిలుస్తుంది. చిల్లుకు అడుగు ఉండదు, కాబట్టి అందులోంచి ఏదైనా కారిపోతుంది. బిందెకు చిల్లు పడుతుంది, సూదికి బెజ్జం ఉంటుంది, కంచెకు కంత పడుతుంది, దొంగ గోడకు కన్నం వేస్తాడు. ఇవన్నీ ఇటునుంచి అటు దారి ఇచ్చేవే. అదే బిందె కిందపడి లోపలికి నొక్కుకుపోతే దానికి పడింది చిల్లు కాదు, సొట్ట. సొట్ట పడిన బిందెలో నీళ్ళు తెచ్చుకోవచ్చు, చిల్లు పడిన బిందెకు మాట్లు వేయించాల్సిందే. తెలంగాణలో బొక్క అన్న మాట ఎముకకూ రంధ్రానికీ రెంటికీ వాడుతారు కనుక అక్కడ సందర్భమే అర్థాన్ని తేలుస్తుంది.

రెండో ప్రశ్న ఆ లోతు ఎలా ఏర్పడిందన్నది. గొయ్యి సాధారణంగా మనిషి తవ్వినది. దానికి అంచులు నిటారుగా ఉంటాయి, లోతు ఎక్కువ. స్తంభం పాతడానికి గొయ్యి తీస్తారు, ఎరువుకు గొయ్యి తవ్వుతారు. గుంట దానంతటదే ఏర్పడవచ్చు. వాన కోసినా, బండి చక్రం నలిపినా, గేదెలు పొర్లినా గుంట పడుతుంది. దాని అంచులు వాలుగా ఉంటాయి, లోతు కంటే వెడల్పు ఎక్కువ. గుంట పడుతుంది, గొయ్యి తీస్తారు అన్న క్రియల తేడాలోనే ఈ భేదమంతా ఉంది. సామెతలు కూడా ఈ గీతను దాటవు. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటాం, ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటాం. ఆ చోట గుంట అని పెట్టి చూడండి, ప్రమాదం సగానికి సగం తగ్గిపోతుంది. గుంటలో పడిన వాడు లేచి దులుపుకుని నడుస్తాడు, గోతిలో పడిన వాడికి ఎవరో ఒకరు చేయి అందించాలి. అన్నట్టు, గొయ్యి రూపం మార్చుకునే తీరు గుంటకు లేదు. నుయ్యి నూతిలో, రాయి రాతిలో అయినట్టే గొయ్యి గోతిలో, బహువచనంలో గోతులు అవుతుంది. ఈ మధ్య అచ్చులో కనిపిస్తున్న 'గొయ్యిలో' అన్న రూపం చదివేవారికి అర్థమవుతుంది గానీ, గోతిలో అనే చక్కటి రూపం ఉండగా దాన్ని వదులుకోవలసిన పని లేదు.

పల్లం వీటి వరుసలోనిది కాదు. పల్లానికి అంచులుండవు. మెరక ఉంటేనే పల్లం ఉంటుంది, ఒక ఊరంతా పల్లంలో ఉండవచ్చు. నీరు పల్లమెరుగు అన్నది వాలు గురించిన మాట. ఆ వాలు వెంట వచ్చిన నీరు ఎక్కడో ఒకచోట ఆగితే, ఆ ఆగిన చోటు గుంట.

గుంట అనాలా గుంత అనాలా అన్న తగువు అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఇది ప్రాంతాన్ని బట్టి మారే పలుకుబడి, రెండూ ఒప్పే. రాయలసీమ నోట గుంత ఎక్కువగా పలుకుతుంది. పత్రికల్లో రోడ్డుమీద పడేవి దాదాపు ఎప్పుడూ గుంతలే, కంటికి పడేవి మాత్రం గుంటలే. ప్రభుత్వ కాగితాల్లో ఇంకుడు గుంత అన్న రూపం స్థిరపడింది. దీని పక్కనే కుంట అన్న మూడో మాట ఉంది, అది చెరువు కంటే చిన్న నీటివనరు. గుంట, గుంత, కుంట దగ్గరి చుట్టాల్లాగే కనిపిస్తాయి గానీ వాడుకలో కుంటకు కట్ట ఉంటుంది, తరచుగా తూము కూడా ఉంటుంది, కింద కాస్తో కూస్తో సాగు ఉంటుంది. తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ గురించి మాట్లాడినప్పుడల్లా చెరువులు, కుంటలు అని జంటగా అనడం ఇందుకే. 46 వేలకు పైగా ఉన్న ఆ నీటివనరుల్లో పేరున్న పెద్ద చెరువులు కొన్నే, మిగిలినవాటిలో ఎన్నో ఊరి వాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియని కుంటలు. హైదరాబాదు నల్లకుంటలో ఇప్పుడు ఇళ్ళే ఉన్నాయి, అంబర్‌పేటలో బతుకమ్మ కుంట ఉంది. ఊళ్ళ పేర్లలో ఇంకా నిలిచిన కుంటలను కూడబెడితే ఒకప్పుడు వాన నీరు ఎక్కడెక్కడ ఆగేదో చూపే పటం తయారవుతుంది.

కుంటకూ ఇంకుడు గుంతకూ ఉన్న తేడా మీద కాస్త నిలబడాలి, ఎందుకంటే ఇవి రెండూ ఒకే చేలో పక్కపక్కన ఉండి కూడా సరిగ్గా ఎదురు పనులు చేస్తాయి. పంట కుంట నీటిని పట్టి ఉంచాలి. ఆగస్టులో వాన మొహం చాటేసినప్పుడు వేరుశనగకు ఒక తడి ఇవ్వడానికి అందులో నీరు ఉండాలి. నల్లరేగడిలో తవ్విన కుంట కొంతవరకు తానే పట్టి ఉంచుతుంది. ఎర్ర నేలలో అయితే నీరు కళ్ళముందే దిగిపోతుంది కాబట్టి అడుగునా పక్కలా ప్లాస్టిక్ షీటు పరచడమో, మట్టిలో సిమెంటు కలిపి పూత పూయడమో చేస్తారు. ఇంకుడు గుంత పని నీటిని వీలైనంత త్వరగా పోగొట్టుకోవడం. దాని అడుగున పెద్ద రాళ్ళు, వాటిమీద చిన్న కంకర, ఆ పైన ముతక ఇసుక వేసి, వాన నీరు వచ్చి నిలవడానికి పైన కొంత ఖాళీ వదులుతారు. నీటితో వచ్చిన ఒండ్రును ఇసుక పట్టేస్తుంది, కిందికి దిగిన నీరు రాళ్ళ సందుల్లో నిలిచి మెల్లగా నేలలోకి పోతుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఆ లెక్కన 100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే 1000 లీటర్లు గొట్టంలోంచి దిగుతాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) వాన నీటి సంరక్షణను కట్టడాలకు ముడిపెట్టింది కాబట్టి పట్టణాల్లో చాలా ఇళ్ళకు ఈ గుంతలు వచ్చాయి. అయితే తవ్విన ఏడాది బాగా పనిచేసిన గుంత మూడో ఏడు నీరు నిలిచి దోమలకు నెలవవుతోందంటే, పైనున్న ఇసుక మీద ఒండ్రు మేట వేసిందని అర్థం. ఆ ఇసుకను వానాకాలానికి ముందు తీసి కడిగి వేయాలి. నీరు నిలిచే ఇంకుడు గుంత తన పేరుకే తప్పింది, అది ఉత్త నీటి గుంట.

నీటితో ముడిపడిన చిన్న లోతులకు తెలుగులో ఇంకా మంచి మాటలున్నాయి, వాటిని గుంట అనే ఒక్క మాటకింద తొక్కేయడం నష్టం. ఎండిన ఏటి ఇసుకలో చేతులతో తవ్వుకునే ఊటగుంట చెలమ. పెన్న, చిత్రావతి లాంటి ఏళ్ళలో పైన చుక్క లేని రోజుల్లో కూడా ఇసుక కింద నీరుంటుంది. మోకాలి లోతు ఇసుక తోడితే ముందు తడి, తరువాత బురద నీరు, ఆ నీటిని రెండు మూడుసార్లు చిప్పతో తోడి పారబోస్తే అడుగునుంచి తేటనీరు ఊరుతుంది. తోడిన కొద్దీ ఊరుతుంది గానీ తొందరపడితే అంచుల ఇసుక కూలి చెలమ పూడుతుంది. అందుకే బిందె ముంచరు, చిన్న గిన్నెతో ఓపిగ్గా బిందెలోకి పోసుకుంటారు. కొండమీద బండలో సహజంగా ఏర్పడి వాన నీటిని పట్టి ఉంచేది దొన. చెట్టు మొదలు చుట్టూ నీళ్ళు నిలవడానికి చేసేది పాదు, దీని కథ మరీ ముచ్చటైనది. తీగకు చేసిన గుంట పేరే చివరికి తీగ పేరయింది, ఆనప పాదు కాసిందంటే కాసింది తీగే.

మనుషులు కావాలని చేసుకున్న గుంటల్లో వంటింటిదీ ఆటదీ ముందు చెప్పాలి. పొంగణాల పెనం ఇనుముతోనో రాతితోనో చేసిన మందపాటి పెనం, అందులో ఏడో తొమ్మిదో పన్నెండో గుండ్రటి గుంతలు ఉంటాయి. కొద్దిగా పులిసిన దోసెల పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిరప, కరివేపాకు, జీలకర్ర కలిపి, ప్రతి గుంతలో నాలుగు చుక్కల నూనె వేసి, ముప్పావు వరకు పిండి పోసి మూతపెడతారు. గుంత అంచు దగ్గర పిండి ఎర్రబడి లోహాన్ని వదిలినప్పుడు సన్నటి పుల్లతో ఒక పక్క నుంచి లేపితే పొంగణం తనంతట తానే తిరగబడుతుంది. గుంత లోతుగా ఉండటం వల్లనే పైన కరకర, లోపల మెత్తన సాధ్యమవుతాయి. ఇదే పిండిని చదును పెనం మీద పోస్తే వచ్చేది ఊతప్పం. కర్నూలు, అనంతపురం, కడప వైపు వేరుశనగ పచ్చడీ ఎర్రకారమూ తోడుంటే ఇక చెప్పేదేముంది. కోస్తాలో దీన్నే గుంట పునుగులు అనేవారున్నారు.

వామనగుంటలను కొన్ని ఊళ్ళలో వానగుంటలనీ, ఓమనగుంటలనీ అంటారు. ఇద్దరి మధ్య ఏడేసి చొప్పున రెండు వరుసల్లో పద్నాలుగు గుంటలు. చెక్క పీట ఉంటే సరే, లేకపోతే మట్టి అరుగు మీద గుండ్రంగా గీరినా చాలు. ఇంటి వాడుకను బట్టి గుంటకు నాలుగో అయిదో చింతపిక్కలు వేసి మొదలుపెడతారు. ఒక గుంటలోని పిక్కలన్నీ తీసి వరుసగా ఒక్కొక్కటి పంచుతూ పోయి, చేతిలోవి అయిపోయాక తరువాతి గుంటలోవి తీసి మళ్ళీ పంచాలి. ఆ తరువాతి గుంట ఖాళీగా ఉంటే దాని పక్క గుంటలో ఉన్నవన్నీ సొంతం, ఆట అవతలివారి చేతికి వెళుతుంది. అంటే నిండు గుంట కంటే ఖాళీ గుంట ఎక్కడ పడుతుందో ముందే లెక్కగట్టినవారిదే గెలుపు. అంకెలు రాయని అమ్మమ్మలు పంపకం మొదలుపెట్టకముందే చివరి పిక్క ఎక్కడ ఆగుతుందో చెప్పగలిగేవారంటే అది ఈ గుంటల మీద ఏళ్ళతరబడి ఆడిన అభ్యాసమే. తమిళంలో పల్లాంగుళి, కన్నడంలో అళిగుళి మణె ఈ ఆటకు తోబుట్టువులు.

చదువులో కూడా గుంట ఉంది. ఓనమాలను పలకమీద గాడిపడేలా రాసిచ్చి, పిల్లవాడి చేత ఆ గాడిలోనే పుల్ల తిప్పించేవారు. చేయి పక్కకు పోకుండా గాడి అంచులే పట్టి ఉంచేవి. గుంట ఓనమాలు అన్న పలుకుబడి అక్కడిది. ఏమీ చదువుకోలేదనడానికి గుంట ఓనమాలు కూడా రావంటాం.

ఒంటి విషయంలో వాడుక చిన్నది గానీ చాలా కచ్చితమైనది. జ్వరమో విరేచనాలో పట్టి మనిషి నీరసపడితే కళ్ళు గుంటలు పడ్డాయంటారు. పసిపిల్లల విషయంలో ఈ మాట వైద్యులు కూడా శ్రద్ధగా వింటారు, ఎందుకంటే అది ఒంట్లో నీరు తగ్గిందన్న గుర్తుల్లో ఒకటి. వాచిన కాలిని బొటనవేలితో నొక్కి తీస్తే వేలు పెట్టిన చోట గుంట పడి కాసేపు అలాగే ఉండిపోవడం ఇంకో గుర్తు, అది ఒంట్లో నీరు చేరిందని చెబుతుంది. ఒకే మాట ఒకచోట నీరు తగ్గడాన్నీ మరోచోట నీరు చేరడాన్నీ పట్టిస్తుంది. నవ్వితే బుగ్గమీద పడే దానికి మాత్రం ఎందుకో గుంట కంటే సొట్టే స్థిరపడింది, సొట్టబుగ్గల పిల్ల అంటేనే ముద్దుగా ఉంటుంది.

గుంటనక్క బొరియల్లో పొంచి ఉండే జంతువు గనక కపటానికి పేరయింది. గుంటగలగర తడి నేలల్లో, కాలువ గట్లమీద, గుంటల అంచున మొలిచే తెల్లపూల మొక్క, దీని ఆకుపసరు కాచిన నూనె తలకు రాస్తారు. ఈ రెండింటిలోనూ గుంట తన సొంత అర్థంలోనే ఉంది.

ఇక పేరు ఒకటే, కుదురు వేరనిపించే వాటికి వద్దాం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పిల్లవాడు గుంటడు, పిల్ల గుంట. ఇంట్లో పెద్దవాళ్ళ నోట ఇది చనువు, కోపంలో కాస్త కసురు. ఉత్తరాంధ్ర బయట పుట్టినవారు ఆ చనువు లేకుండా ఈ మాట వాడితే మాత్రం అవమానంగా వినిపిస్తుంది, అందుచేత విని ఆనందించడమే మేలు. గుంటక సేద్యపు పనిముట్టు, అడ్డంగా ఇనుప బ్లేడు ఉండి ఎడ్లు లాగుతుంటే నేలపొర కింద జారుతూ కలుపు వేళ్ళను కోసి, గడ్డలను చిదిపి పైమట్టిని సమం చేస్తుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు భూమి కొలతలోని గుంట. ఇది 33 అడుగుల చదరం, అంటే పదకొండు గజాల పొడవు, పదకొండు గజాల వెడల్పు, మొత్తం 121 చదరపు గజాలు. ఇలాంటివి నలభై కలిస్తే 4840 చదరపు గజాల ఎకరం. మరాఠీలో గుంఠా, కన్నడంలో గుంటె ఇదే కొలత. ఆంధ్రలో ఈ స్థానంలో సెంటు ఉంది, వంద సెంట్లు ఎకరం, సెంటుకు 48.4 చదరపు గజాలు. అందుకే ఏమీ లేనివాణ్ణి తెలంగాణలో గుంట భూమి లేదంటారు, ఆంధ్రలో సెంటు భూమి లేదంటారు. ఒకే భాష మాట్లాడేవారికి రెండు కొలతలు రావడానికి కారణం గొలుసులు. ఆంధ్ర అప్పుడు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో సర్వే 66 అడుగుల, వంద లింకుల గొలుసుతో జరిగింది. ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ 1620లో రూపొందించిన ఆ గొలుసు లెక్కలో పది చదరపు గొలుసులు ఎకరం, కాబట్టి వందలో లెక్క సహజంగా కుదిరి సెంటు వచ్చింది. బొంబాయి ప్రెసిడెన్సీలో 33 అడుగుల గొలుసును పదహారు అణాలుగా విభజించి వాడారు, ఒక చదరపు గొలుసే ఒక గుంట అయింది. నిజాం రాజ్యం సర్వేకు బొంబాయి పద్ధతిని తీసుకుంది కనుక తెలంగాణకు గుంట దక్కింది. గంటర్ పేరుకూ గుంటకూ ధ్వని కలిసిందని ఒకదానినుంచి మరొకటి పుట్టిందనుకోవడం తొందరపాటు. నేలలోని పల్లంతో దీనికి సంబంధం కూడా అర్థంలో ఎక్కడా కనబడదు.

ప్రమాదం రాతలో ఉంది. తెలంగాణ పాసుపుస్తకంలో 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్ర కాగితంలో అదే 2.20 రెండెకరాల ఇరవై సెంట్లు. రెంటికీ తేడా 30 సెంట్లు, అంటే 12 గుంటలు, 1452 చదరపు గజాలు. పట్టణం అంచున అది ఏడెనిమిది ఇళ్ళ స్థలాల పాటి. తెలంగాణ రాతలోని చుక్క దశాంశ బిందువు కాదు, ఎకరాలకూ గుంటలకూ మధ్య పెట్టిన అడ్డుగీత మాత్రమే. 1.39 తరువాత వచ్చేది 1.40 కాదు, 2.00. ఇద్దరు అన్నదమ్ముల వాటాలు 1.25, 2.30 అయితే క్యాలిక్యులేటర్ 3.55 అని చూపిస్తుంది, 55 గుంటలు అన్నది ఆ వరుసలో ఉండనే కూడదు. నలభై గుంటలను ఎకరంగా మార్చుకుంటే సరైన మొత్తం 4 ఎకరాల 15 గుంటలు. గుంటలను సెంట్లు చేయాలంటే రెండున్నరతో హెచ్చించాలి, సెంట్లను గుంటలు చేయాలంటే రెండున్నరతో భాగించాలి. హెక్టారుకు సుమారు 98.8 గుంటలు.

విదేశాల్లోనో వేరే రాష్ట్రంలోనో ఉండి ఊళ్ళోని భూమి గురించి ఫోనులో మాట్లాడుకునే కుటుంబాల్లో, ముఖ్యంగా ఒక వియ్యపు వారిది గుంటూరు, మరొకరిది కరీంనగర్ అయినచోట, ఈ చుక్క తగవులకు కారణం కాగలదు. అమ్మకం ఒప్పందంలో గానీ పంపకం కాగితంలో గానీ విస్తీర్ణాన్ని అంకెల్లో రాసి వదిలేయకుండా ఎకరాలు, గుంటలు లేదా ఎకరాలు, సెంట్లు అని మాటల్లో రాయించాలి, పక్కన చదరపు గజాల లెక్క కూడా వేయించాలి.